ఆ చేపపిల్లలను చెరువులో కలపొద్దు

మంచిర్యాల,
శనివారం

లచ్చక్కకు, నీ తమ్ముడు రాజలింగు ఇక్కడి నుంచే నీ కాళ్ళు తాకినట్టు అనుకొని రాసే సంగతులు. నేను బాగానే ఉన్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు, పళ్ళన్నీ నోట్లోనే ఉన్నాయి. నువ్వు బాగున్నావా? అవ్వ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నా భార్య మల్లవ్వ నీతో కయ్యం పెట్టుకోకుండా సర్దుకొని ఉంటున్నదా? బర్రె ఈనిందా? బావ ఆరోగ్యం మాత్రం అడగను. ఆయన దిట్టంగా ఉన్నాడని ఆయన రాయించిన కార్డు చూస్తేనే తెలిసింది.

అక్కా, ఈ ఉత్తరం బావ చేతికి ఇవ్వకు. ఎవరి చేతా చదివించుకోకు. కూడబలుక్కొని అయినా సరే నువ్వే చదువు. బావ చదివించుకుంటే సగంలోనే నవ్వుతాడు. నవ్వినవాడు మిగతా సగం వినడు. నాకు ఆ మిగతా సగం కావాలి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, కష్టసుఖాలు తరువాత. బావ నేను పనిచేసే ఇక్కడి చేపల ఫారం నుంచి కుండల్లో తీసుకుపోయి, మన చెరువు కట్ట కింద గుంత తవ్వి పెంచుతున్న చేపపిల్లలకు రోగం ఉంది. వాటిని చెరువులో కలపొద్దు. కలిపితే చెరువులో ఉన్న రవ్వ చేపలు, బొచ్చె చేపలు, నిన్న మొన్న వేసినవి, ముందటి ఏడు మిగిలినవి, అన్నిటికీ అంటుకుంటుంది. మొన్నటి కరువులో చెరువు ఎండి మన వాడకట్టు వాళ్ళు వలలు అటక మీద పెట్టి మట్టి పనికి పోయిన రోజులు నీకు గుర్తున్నాయి కదా. ఇప్పుడు నీళ్ళు ఉండి కూడా ఆ రోజులే వస్తాయి.

ఇదే మాట టెలిగ్రాంలో కొట్టాను. దానికి బావ రాయించిన జవాబు చూడు, ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను.

"బామ్మర్దీ, ఇంతకుముందు నోటితోని ఆగం జేసేటోనివి, ఇప్పుడు తార్ కొట్టేదాంక ఎదిగినవ్. నీ తార్ చాయ్ హోటల్ల అందరి ముంగట చదివిపిచ్చిన. కడుపులు పట్టుకొని నవ్విండ్రు. చాపపిల్లలు జబర్దస్తుగున్నయ్, తౌడు ఏస్తే ఎగిరెగిరి తింటున్నయ్. వచ్చే గురువారం గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి చెరువుల ఇడుస్తున్నం. ఫికర్ జెయ్యకు."

ఇందులో బావను అనడానికి ఏమీ లేదు. కలెక్టరుగారు మన చెరువు చూడ్డానికి వస్తున్నారని నేను చెబితే నమ్మి, కొత్త ధోవతి కట్టుకొని, బంతిపూల దండ పట్టుకొని పొద్దు గూకేదాకా కట్ట మీద నిలబడ్డ మనిషి ఆయన. చివరికి ఆ దండను మేక తిన్నది. ఆ మేకను నేను ఊళ్ళో కలెక్టరు సాబ్ అని పిలిస్తే అది పలికేది కూడా. ఇవన్నీ పడ్డ మనిషి నా టెలిగ్రాం నమ్ముతాడా? నేనైనా నమ్మను. అందుకే ఆయనకు కాక నీకు రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది కింద వస్తుంది.

నేను ఇక్కడ ఎట్లా బతుకుతున్నానో నీకు సరిగ్గా తెలియదు. ఫారం గోదావరి ఒడ్డుకు దగ్గరలో ఉంది. నాకు ఇచ్చిన గది రైలు పట్టాల పక్కన, పైన రేకులు. బొగ్గు బండి పోయినప్పుడల్లా అన్నం మీద నల్లగా మసి పడుతుంది, దాన్ని మిరియాల పొడి అనుకొని తింటాను. వానలు బాగానే పడుతున్నాయి, రేకుల మీద వాన పడితే పక్క మనిషి మాట వినపడదు. అయినా పక్కన మనిషి లేడు. ఏదైనా నవ్వు పుట్టే మాట తోస్తే చెప్పుకోవడానికి ఎవరూ దొరకరు. వచ్చిన కొత్తలో గుమాస్తా తమలపాకుల సున్నపు డబ్బీలో ప్రయోగశాల నీలం రంగు కలిపాను. రోజంతా నాలుక నేరేడుపండు తిన్నట్టు చేసుకొని తిరిగాడు. కోపం తెచ్చుకున్నాడు గానీ నవ్వలేదు. అట్లాంటి ఊరు ఇది. జొన్నరొట్టె దొరుకుతుంది. చేప మాత్రం నోట పెట్టడం లేదు, ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

నా పని కుంటలు చూసుకోవడమే కాదు. ఇక్కడ చేపలు చచ్చి తేలడం మొదలైనాక ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు సుభద్ర. మన రాష్ట్రం, వాళ్ళ రాష్ట్రం ఒకటైనాక కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళలో ఒకామె. సూదిమందులు ఇచ్చే డాక్టరు కాదు, చేపను కోసి లోపల ఏ అవయవం ఎట్లా ఉందో మైక్రోస్కోపులో చూసే డాక్టరు. నన్ను ఆమెకు సహాయానికి పెట్టారు. ఆమె నన్ను "రాజలింగం గారూ" అంటుంది. మొదటిరోజు ఎవరిని పిలుస్తున్నదా అని వెనక్కి తిరిగి చూశాను. మన ఊళ్ళో నా పేరు వెనక ఎప్పుడూ ఒక తిట్టే ఉండేది గానీ గారు లేదు కదా.

ఇప్పుడు నేను చేసిన పని విను. ఇది విన్నాక నన్ను ఏమన్నా అను, కానీ చివరిదాకా చదువు.

రెండో కుంటలో రవ్వలు పొట్ట ఉబ్బి, పొలుసులు లేచి, ఒక పక్కకు ఒరిగి తేలుతున్నాయి. డాక్టరమ్మను మా ఫారం పెద్దసారు ఆఫీసుకు పిలిచాడు. ఆమె పోతూ పోతూ నాకు చెప్పింది: "రాజలింగం గారూ, కొన ఊపిరితో ఉన్నవాటిని పట్టి, పొట్ట కోసి, ఈ పసుపుపచ్చ మందులో వేయండి. ఆలస్యం చేయొద్దు, లోపల కుళ్ళిపోతే ఏమీ తెలియదు."

నేను ఆలస్యం చేయలేదు అక్కా. చేపలు కోయడంలో మనకు ఒకరు చెప్పాలా? పొట్ట చీల్చాను, పేగులు తీశాను, గాలితిత్తి లాగేశాను. తరువాత నా బొటనవేలు దానంతట అదే పోయి, వెన్నుముల్లు కింద తల వెనక నుంచి తోక దాకా అంటుకొని ఉంటుందే, ఆ నల్లెర్రటి నెత్తురుగడ్డ, దాన్ని గోటితో గీకేసింది. గీకి, ఉప్పు వేసి రుద్ది, తెల్లగా కడిగి సీసాలో వేశాను. నువ్వు, అవ్వ, మల్లవ్వ, మనింట్లో చేప కోసే ఎవరైనా అదే చేస్తారు. ఆ గడ్డ ఉంచి పులుసు పెడితే అవ్వ గిన్నె పక్కకు నెట్టేసేది. ఆ గీకడం నేను చేసినట్టు కూడా నాకు తెలియదు.

డాక్టరమ్మ తిరిగి వచ్చి సీసాను కిటికీ వెలుతురులో పట్టి చూసింది.

"ఇదేమిటండీ, ఇంత తెల్లగా ఉన్నాయి?"

"మంచిగ కడిగిన డాక్టరమ్మా. ఉప్పు గుడ ఏసి రుద్దిన. పులుసుల ఏసినా జర గుడ నీసు వాసన రాదు."

"వెన్నెముక కింద ముదురు ఎరుపుగా ఒకటి ఉండాలి. అదేది?"

"గా నెత్తురుగడ్డనా? గీకి మోరీల పడేసిన."

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. "అది నెత్తురుగడ్డ కాదండీ. ఈ చేపలను పట్టమన్నదే దాని కోసం."

నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను.

తరువాత ఆమె నాకు చెప్పిన సంగతి నీకు అర్థమయ్యేట్టు రాస్తాను. మనుషులకు నెత్తురు ఎముకల్లో ఉన్న మూలుగలో పుడుతుందట. రోగంతో కొట్లాడే కణాలు కూడా అక్కడే పుడతాయట. చేప ముల్లులో మూలుగ ఉండదని ముల్లు చప్పరించిన మనకు తెలియదా? మరి చేపకు నెత్తురు ఎక్కడ పుట్టాలి? తల వెనకాల వెన్నుముల్లుకు అంటుకొని ఉన్న ఆ గడ్డలో. చూడ్డానికి నెత్తురు గడ్డకట్టినట్టు ఉంటుంది గానీ అది మూత్రపిండం ముందటి భాగం. వెనక భాగం మూత్రం చేస్తే, ముందటి భాగం కొట్లాడే సైన్యాన్ని తయారు చేస్తుంది. ఇంకా, మలేరియా వచ్చినవాళ్ళకు కడుపులో బల్ల పెరుగుతుంది చూడు, ఆ బల్ల చేపకు కూడా ఉంటుంది, పేగుల పక్కన చిక్కుడుగింజ అంత, ముదురు ఎరుపు. అది నెత్తురులోని చెత్తను వడగడుతుంది. ఇక మొప్ప మూత ఎత్తితే పైమూలలో ఉల్లిపొర లాంటి తెల్లటి పొర ఉంటుంది. దాని పేరు థైమస్. చిన్న పిల్లల్లోనే అది బాగా కనిపిస్తుంది. ఈ మూడూ బాగుంటే చేప ఎట్లాంటి రోగాన్నైనా తట్టుకుంటుంది. ఇవి చెడితే ఏదీ తట్టుకోలేదు.

"మళ్ళ పట్టుకొస్తా డాక్టరమ్మా, ఇంకో నాలుగు రవ్వలు" అన్నాను.

"తెండి" అన్నది.

పోయేసరికి కొన ఊపిరితో ఉన్నవి చచ్చి ఎండకు మెత్తబడిపోయాయి. ఆ మర్నాటి నుంచి కొన్ని రోజుల దాకా ఒక్క చేప కూడా తేలలేదు. అందరం రోగం పోయిందనుకున్నాం. సరిగ్గా అప్పుడే బావ కుండలు పట్టుకొని మనుషులతో దిగాడు.

డాక్టరమ్మ పెద్దసారుతో నా ఎదుటనే అన్నది: "సార్, గాజు పలకలు తయారుచేసి మైక్రోస్కోపులో చూసేదాకా పిల్లలను బయటికి పంపకుండా ఉంటే మంచిదండి."

పెద్దసారు అన్నాడు: "ఏ పలకలమ్మా? మీ మనిషి ఉప్పేసి కడిగిన చేపలతోనా? కుంట దగ్గరికి పోయి చూడండి, పిల్లలు గెంతుతున్నాయి."

ఆయన అన్నది అబద్ధం కాదు. గెంతుతున్నాయి. బావ గట్టు మీద నిలబడి "ఓ రాజలింగూ, సొంత బావకు మంచియి ఏరి ఇయ్యరా, నీ కొలువు దేనికి మరి" అంటుంటే, నేనే రెండో కుంటలో వల వేసి, పెద్దవి, బలిసినవి ఏరి ఏరి కుండల్లో పోశాను. మొదటి కుంటలో పిల్లలు చిన్నగా ఉన్నాయని వాటిని ముట్టలేదు. రైలు పెట్టెలో జమ్మికుంట దాకా, అక్కడి నుంచి హుస్నాబాద్ బస్సులో, పిల్లలకు గాలి ఆడాలని కుండల్లో నీళ్ళను అరచేతితో కొట్టుకుంటూ, చేతులు నానిపోయి తెల్లబడ్డా ఆపకుండా తీసుకుపోయారట. ఒక్కటి కూడా చావలేదని బావ గొప్పగా చెప్పుకున్నాడని మల్లవ్వ రాయించింది. దారిలోనే చచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

బావ పోయిన కొన్నాళ్ళకు మళ్ళీ తేలాయి. ఈసారి డాక్టరమ్మే దగ్గరుండి కోసింది. నేను చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను, నా బొటనవేలి మీద నాకే నమ్మకం లేదు. ఆ ముక్కలు ఒకరోజులో తయారయ్యేవి కావు అక్కా. పసుపు మందులో నానాలి. పలచటి స్పిరిటులో, తరువాత చిక్కటి స్పిరిటులో ఉంచి నీరంతా పోగొట్టాలి. కరిగిన మైనంలో ముంచి గడ్డ చేయాలి. ఆ మైనం గడ్డను యంత్రానికి బిగించి కత్తి తిప్పితే, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత సన్నటి పొరలు ఒకదానికొకటి అంటుకొని రిబ్బను మాదిరి వస్తాయి. వాటిని గోరువెచ్చటి నీళ్ళ మీద తేల్చి, గాజు పలక మీదికి ఎక్కించి, నీలం ఒకటి, గులాబీ ఒకటి రెండు రంగులు పట్టించాలి. వారం పైనే పట్టింది. మొదటి సీసాను నేను కడగకుండా ఉంటే, బావ కుండలు పట్టుకొని దిగేసరికి ఈ పలకలు బల్ల మీద ఉండేవి. డాక్టరమ్మ ఈ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంచెం నిద్ర పట్టేదేమో.

పలకలు అయిన రోజు ఆమె నన్ను పిలిచి "ఒక కన్ను మూసి ఇందులో చూడండి" అన్నది. ముందు మంచి చేపది పెట్టింది, వేరే కుంటలోది.

"ఏం కనిపిస్తోందండీ?"

"వల గనవడ్తుంది డాక్టరమ్మా."

ఉత్తమాట కాదు, నిజంగా వలే. సన్నటి గులాబీ దారంతో అల్లిన వల. దాని కండ్ల నిండా నీలం గింజలు, గసగసాలు ఒలకబోసినట్టు, సందు లేకుండా.

"ఆ గింజలే కొట్లాడే కణాలు. వల వాటిని పట్టి ఉంచుతుంది. ఇప్పుడు ఇది చూడండి" అని పలక మార్చింది.

అక్కా, అదే వల. కానీ కండ్లు తెగి ఉన్నాయి. గింజలు అక్కడొకటి ఇక్కడొకటి, పంట కోసుకుపోయిన చేనులో రాలిన గింజల మాదిరి. మధ్యలో మాడిన బెల్లంపాకం ముద్దల వంటివి గోధుమరంగులో కుప్పలు కుప్పలు. చచ్చిన కణాల చెత్తను మింగి మింగి అట్లా పేరుకుపోతాయట. ఇన్ని ఉన్నాయంటే చేప లోపల ఎన్నో రోజులుగా కొట్లాడి ఓడిపోయిందని అర్థమట. చేప కడుపులోని బల్ల అన్నానే, దాని పలక పెట్టింది, అందులోనూ అవే ముద్దలు. థైమస్ పలక పెట్టింది. మంచిదానికి చుట్టూ ముదురు నీలం అంచు, మధ్యలో లేత రంగు, చీరకు అంచు ఉన్నట్టు తేటగా తెలుస్తుంది. దీనికి అంచేదో నడుమేదో తెలియలేదు, మొత్తం సన్నబడి వెలిసిపోయి ఉంది.

"గిది సచ్చిన చాపదా డాక్టరమ్మా?" అని అడిగాను.

ఆమె పలక తీసి పక్కన పెట్టింది. "కాదండీ. తేలిన చేపలతో పాటు ఈదుతున్న పిల్లలను కూడా కొన్ని కోశాను. ఇది తౌడు వేస్తే ఎగిరి తింటున్న పిల్లది. రెండో కుంటది. మీ బావగారు తీసుకెళ్ళినవి ఇవే."

బల్ల పట్టుకొని నిలబడ్డాను.

"గోలీ ఏమన్న ఉన్నదా? మందు? పసుపు, ఉప్పు, ఏదన్న చెప్పుండ్రి, మా బావతోని ఏపిస్త."

"ఈ వలను మళ్ళీ అల్లే మందు నా దగ్గర లేదండీ. రోగం లేనివాటికి అంటకుండా చూడడం ఒక్కటే దారి."

"గట్లంటే?"

"నీళ్ళు తీసేసి, ఎండగట్టి, సున్నం చల్లాలి."

ఆమె ఆ రోజే మన చెరువు సంగతి కాగితం రాసి పెద్దసారు ముందు పెట్టింది. పెద్దసారు చదివి, ఊరి చెరువులు తన కిందికి రావని, కాగితం కరీంనగర్ మీదుగా పోవాలని అన్నాడు. కాగితం బయలుదేరింది. అది మన ఊరు చేరేసరికి గురువారం వెళ్ళిపోతుంది, అందుకు నువ్వే సాక్షివి అవుతావు.

మరి నువ్వే రావచ్చు కదరా అంటావు. మూట కట్టుకొని బయలుదేరాను కూడా. డాక్టరమ్మ ఫారం గేటు దగ్గర ఎదురుపడ్డది. "రాజలింగం గారూ, మీ కాళ్ళు, బట్టలు, వల, అన్నీ ఆ బురదలో నానినవే. వాటితో వేరే నీళ్ళ దగ్గరికి పోకూడదు. కడుక్కొనే పోతానంటారు. సరే. మీ బావగారు చెరువులో పిల్లలను వదులుతుంటే మీరు గట్టు మీద ఊరికే నిలబడగలరా?" అన్నది. ఆలోచించాను. నిలబడలేను అక్కా. నిలువునా దూకి ఆయన చేతిలో కుండ గుంజుకుంటాను. గోళ్ళ సందుల్లో బురద ఇంకా ఉంది, ఎంత రుద్దినా పోవడం లేదు. రోగాన్ని ఆపడానికి వచ్చి నేనే మోసుకొస్తానేమోనని మూట విప్పేశాను.

అందుకే నువ్వు చేయాలి. బావకు చేప పట్టడం తెలుసు, మోయడం తెలుసు, అమ్మడం తెలుసు. చేప లోపలి సంగతి ఆయన జన్మలో చూడలేదు. పెళ్ళైన నాటి నుంచి కత్తిపీట ముందు కూర్చున్నది నువ్వు. ఆ నెత్తురుగడ్డ ఏ రంగులో ఉంటుందో ఈ భూమ్మీద నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

గుంతలోని పిల్లను ఒకదాన్ని పట్టు. చెరువులోని చేపను ఒకదాన్ని తెప్పించు. గుంత పిల్లను కోసిన కత్తి చెరువు నీళ్ళలో కడగొద్దు, ఇంటి దగ్గరే కడిగి కాల్చు. రెండిటి పొట్టా చీల్చి, గాలితిత్తి తీసి, అక్కడ ఆగు. గోరు పెట్టకు. చూడు. చెరువు చేపది నీకు తెలిసిన రంగులోనే ఉంటుంది. గుంత పిల్లది పాలిపోయి, మెత్తగా, మీద గోధుమరంగు మచ్చలతో ఉంటే, మన వాడకట్టు ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించు. బావకు చెప్పకు, చూపించు. నన్ను నమ్మడు గానీ నువ్వు కోసిన చేపను నమ్ముతాడు.

ఒకవేళ రంగు మంచిగానే ఉంటే? అప్పుడూ వదలొద్దు అక్కా. కంటికి కనబడేదాకా వచ్చేసరికి చాలా ముదిరిపోతుందని, అంతకుముందు మైక్రోస్కోపుకు తప్ప దేనికీ తెలియదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇది బావతో చెబితే "రంగు పోతే రోగమట, పోకపోయినా రోగమట, నీ తమ్మునికి పిచ్చి లేసింది" అంటాడని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను.

బావ వింటే సరి. వినకపోతే నువ్వు, మల్లవ్వ కలిసి గుంతకు గండి కొట్టండి. కాలువ వైపు కొట్టొద్దు. ఆ నీళ్ళు కాలువలో పడితే కింది ఊరి చెరువుకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు పోతాయి. తూర్పున బీడు ఉంది కదా, అటు కొట్టండి. నీళ్ళు భూమిలో ఇంకిపోవాలి. చచ్చిన పిల్లలను ఒకటి కూడా వదలకుండా ఏరి, లోతుగా పూడ్చి, మీద సున్నం పోయండి. కొంగలను దగ్గరికి రానీయొద్దు. ఒక్క కొంగ ఒక్క పిల్లను ముక్కున కరుచుకొని పోయి చెరువులో జారవిడిచినా మనం చేసిందంతా బురదలో కలుస్తుంది.

బావ వాటిని ఎట్లా చూసుకుంటున్నాడో నాకు తెలుసు. పాములు వస్తాయని గుంత గట్టు మీదనే మంచం వేసుకున్నాడని, పల్లిచెక్క నానబెట్టి చేతితో పిసికి వేస్తున్నాడని మల్లవ్వ రాయించింది. నువ్వు పార ఎత్తితే ఆయన నీ చెయ్యి పట్టుకుంటాడు. నా పేరు పెట్టి తిడతాడు. తిట్టనీ. ఇకమీదట పరాచికాలు మానేస్తానని ఒట్టు వేద్దామనుకున్నాను గానీ, ఆ ఒట్టు కూడా ఆయన పరాచికమనే అనుకుంటాడు. ఏం చెబితే ఈ మనిషి నమ్ముతాడని కూర్చొని ఆలోచించాను. నిజం చెప్పినప్పుడు నా ముఖం ఎట్లా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు, నేను కూడా చూసుకోలేదు. కాబట్టి చూసింది ఒక్కటే రాస్తాను, దాన్ని ఆయనకు చదివి వినిపించు, ఇది ఒక్కటి మాత్రం.

నిన్న రెండో కుంట నీళ్ళు తీశాం. ఆ ఒక్కదానికి పెద్దసారు ఒప్పుకోవడానికే డాక్టరమ్మకు గొంతు పోయింది. నీళ్ళు తగ్గుతున్నకొద్దీ పిల్లలన్నీ నడుమకు చేరాయి. బావా, నీ గుంతలో ఉన్నట్టే ఉన్నాయి. బలిసినవి, మెరిసేవి. ఒక్కదాన్ని చూసినా రోగం చేప అని నువ్వు అనవు, నేనూ అనను. చివరి నీళ్ళు పోయాక బురద మీద ఎగిరెగిరి పడ్డాయి, ఆ చప్పుడు వాన రేకుల మీద పడ్డట్టు వినిపించింది. తట్టల్లో సున్నం ఎత్తి పోసింది నేను. మొదటి తట్ట పోసినప్పుడు చేతులు ఆగిపోయాయి. డాక్టరమ్మ గట్టు మీద నిలబడి "ఆగకండి రాజలింగం గారూ, ఆగితే వాటికే ఎక్కువ బాధ" అన్నది. ఆగలేదు. చుట్టుపక్కల అందరూ ముఖాలు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు, ఎందుకంటే మంచివి ఏరి నీకు పోసింది నేనే. బావా, నీకు నవ్వు వస్తే ఈ మాట మళ్ళీ ఒకసారి చదివించుకో.

ఇంతవరకే ఆయనకు. మిగతాది నీకే.

ఈ ఉత్తరం టపాలో వేస్తే ఎప్పుడు చేరుతుందో తెలియదు కాబట్టి, జమ్మికుంట పోయే బండిలో తెలిసిన గార్డు చేతికి ఇస్తున్నాను, అక్కడ హుస్నాబాద్ బస్సు కండక్టరుకు అందిస్తానన్నాడు. ఆ ఇద్దరూ మంచివాళ్ళే. మంచివాళ్ళు కూడా మరిచిపోతారు. అందుకని ఇదే మాటలు రాసి టపాలో కూడా ఇంకొకటి వేస్తున్నాను. రెండూ వస్తే రెండోదాన్ని పొయ్యిలో పెట్టు.

చేపలు పోతే మన వాడకట్టు ఏం తినాలని నువ్వు అడుగుతావు. మొదటి కుంటలోని చిన్నపిల్లలు మంచివని తేలితే, వాటిని మన వాడకట్టు చేపల సొసైటీకి ఇప్పిస్తానని డాక్టరమ్మ అన్నది. ముందు పలకలు చూడాలి. ఆమె చూసేదాకా నేను ఒక్క కుండ కూడా ఎత్తను. చెరువు బాగుంటేనే వాటికి చోటు. చెరువు పోతే అవి కూడా దండగే.

మామిడికాయ తొక్కు పంపుతానని మల్లవ్వ అన్నదట, ఇప్పుడు వద్దని చెప్పు. నేను ముద్ద సరిగ్గా తినడం లేదని ఆమెకు చెప్పకు. నాకు ఏమీ కాలేదు, ఫికర్ చేయొద్దు, నేను బాగానే ఉన్నాను.

అవ్వ కాళ్ళకు మొక్కానని, ఆమె చెయ్యి నా నెత్తిన ఉండాలని, ఊళ్ళో పెద్దమనుషులందరినీ పేరుపేరునా అడిగానని రాయాలి. అవన్నీ రాసినట్టే అనుకో. దండాలు ఎక్కడికీ పోవు, ఇంటికి తిరిగి వచ్చినాక చెప్పవచ్చు. పార కొట్టంలో, బర్రె కట్టే గుంజ వెనక ఉంటుంది. మల్లవ్వను వెంట పిలుచుకో.

ఇంకా చదువుతూనే ఉన్నావా? లే అక్కా.

నీ తమ్ముడు,
రాజలింగు